కొచ్చిలో యూదుల చారిత్రక స్థలాలు: ఏ రోజు వెళ్ళాలి, ఏ వరసలో చూడాలి, లోపల ఏం గమనించాలి

కొచ్చి వెళ్ళే మనవాళ్ళ టూర్లలో యూదుల వీధికి దక్కేది మహా అయితే గంట. టాక్సీ డ్రైవరు మట్టాంచేరి ప్యాలెస్ దగ్గర ఆపి, పక్కనే సినగాగు, అంటే యూదుల ప్రార్థన మందిరం ఉంది, చూసి రండి అంటాడు. లోపలికి వెళ్ళి నేల మీది నీలం పలకలు, పైన వేలాడే షాండ్లియర్లు చూసి, బయట సందులో యాలకులు, మిరియాలు కొనుక్కుని మున్నార్ బండెక్కేస్తారు. ఆ సినగాగు అందంగానే ఉంటుంది, కాదనను. కానీ అది కేరళ యూదుల్లో ఆలస్యంగా వచ్చిన, సంఖ్యలో చిన్నదైన ఒక వర్గం కట్టుకున్నది. వాళ్ళ కంటే ముందు నుంచీ ఉన్నవాళ్ళు, ఎక్కువమంది ఉన్నవాళ్ళు కట్టిన మందిరాలు ఎర్నాకుళం మార్కెట్‌లో, పరవూర్‌లో, చేందమంగళంలో ఉన్నాయి. అక్కడ జనం తాకిడి చాలా తక్కువ. రెండు రోజులు కేటాయించగలిగితే అన్నీ తీరిగ్గా చూడొచ్చు. అదెలాగో చెబుతాను.

1. బయలుదేరే ముందు తెలుసుకోవాల్సిన కథ

కేరళ యూదుల కథ కొచ్చిలో మొదలవలేదు. కొచ్చికి ఉత్తరాన, పెరియార్ నది సముద్రంలో కలిసే ప్రాంతంలో కొడుంగల్లూర్ ఉంది. ప్రాచీన ముజిరిస్ రేవు ఆ చుట్టుపక్కలదే. మిరియాల కోసం పడమటి నుంచి వచ్చిన వర్తకుల్లో యూదులూ ఉన్నారు. ఎప్పుడు వచ్చారంటే వాళ్ళ ఐతిహ్యాలు సొలొమోను రాజు కాలం దాకా తీసుకెళ్తాయి. చేతికి దొరికే గట్టి ఆధారం మాత్రం క్రీ.శ. 1000 ప్రాంతపు రాగి రేకులు. చేర రాజు భాస్కర రవివర్మ, జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు 72 హక్కులు రాసిచ్చాడు. గొడుగు, పల్లకీ, పగటి దీపం, వాద్యాలు, పన్నుల మినహాయింపు వాటిలో కొన్ని. మన శాసనాల్లో ఆచంద్రార్కం అన్నట్టే ఇందులోనూ లోకం, చంద్రుడు ఉన్నంతకాలం చెల్లుతుందని ఉంటుంది. ఆ రేకుల నకలునే 2017లో ప్రధాని మోదీ ఇజ్రాయెల్ వెళ్ళినప్పుడు నెతన్యాహుకి బహుమతిగా ఇచ్చారు.

1341లో పెరియార్‌కు పెద్ద వరద వచ్చి కొడుంగల్లూర్ రేవు పూడిపోయిందని, దక్షిణాన కొచ్చి దగ్గర లోతైన రేవు ఏర్పడిందని చెబుతారు. వ్యాపారం రేవు వెంట కదిలింది, జనం వ్యాపారం వెంట కదిలారు. 1340లలోనే మట్టాంచేరికి దగ్గర్లోని కొచ్చంగాడిలో ఒక సినగాగు లేచింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసుల ఒత్తిడితో కొడుంగల్లూర్‌లో మిగిలినవాళ్ళు కూడా కొచ్చి రాజు రక్షణలోకి వచ్చేశారు. ఇంచుమించు అదే కాలంలో స్పెయిన్, పోర్చుగల్‌ల నుంచి వెళ్ళగొట్టిన యూదులు, ఆ తర్వాత సిరియా, ఇరాక్ వైపు నుంచి మరికొందరు వచ్చి చేరారు. ముందు నుంచీ ఉన్నవాళ్ళు మలబారీలు, కొత్తగా వచ్చినవాళ్ళు పరదేశీలు. పాత గైడు పుస్తకాల్లో నల్ల యూదులు, తెల్ల యూదులు అని కనిపిస్తుంది. కొందరు గైడ్లు ఇప్పటికీ అలాగే అంటారు. ఆ మాటలు మీరు వాడకపోవడమే మర్యాద.

ఇక ఆఖరి ఘట్టం. స్వాతంత్ర్యం నాటికి కేరళ మొత్తం మీద యూదులు సుమారు రెండున్నర వేలమంది. 1950లలో మలబారీలు దాదాపు అందరూ ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. వాళ్ళను ఇక్కడెవరూ తరమలేదు. మతపరమైన ఆశ, కొత్త దేశం మీద నమ్మకం తీసుకెళ్ళాయి. ఆస్తులు అమ్ముకుని సిద్ధంగా కూర్చున్న చాలా కుటుంబాలను, బోదకాలు అంటుకుంటుందన్న భయంతో ఇజ్రాయెల్ అధికారులు కొన్నాళ్ళు రానివ్వలేదు. పెద్ద ఎత్తున వలస 1954, 55ల్లో జరిగింది. తర్వాతి దశాబ్దాల్లో పరదేశీలు కూడా ఒక్కో కుటుంబమే కదిలారు. ఇది గుర్తుంటే, మీరు చూడబోయే భవనాల్లో కొన్ని మ్యూజియంగా, కొన్ని తాళాలతో, ఒకటి శిథిలంగా ఎందుకున్నాయో విడిగా చెప్పక్కర్లేదు.

2. వారం చూసుకుని టికెట్ కొనండి

ఈ ప్రయాణంలో అసలు టెన్షన్ దారులతో కాదు, సెలవులతో. పరదేశి సినగాగు శుక్రవారం మధ్యాహ్నం నుంచి మూసేస్తారు. శనివారం పూర్తిగా సెలవు, అది యూదుల విశ్రాంతి దినం. పక్కనున్న మట్టాంచేరి ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు. పరవూర్, చేందమంగళం సినగాగులు ఇప్పుడు ప్రభుత్వ మ్యూజియాలు, వాటికి సోమవారం సెలవు. ఎర్నాకుళం బ్రాడ్‌వే, మార్కెట్ ప్రాంతంలో ఆదివారం చాలా షాపులు తెరవరు.

కాబట్టి మంగళ, బుధ, గురువారాల్లో వెళ్తే ఏ గొడవా లేదు. ఉద్యోగస్తులకు వారాంతమే వీలైతే ఇలా చేయండి: శుక్రవారం ఉదయం ఎర్నాకుళం, శనివారం పరవూర్, చేందమంగళం, ఆదివారం మట్టాంచేరి. శనివారం మట్టాంచేరి వెళ్ళి గేటు ముందు ఫొటో దిగి తిరిగొచ్చేవాళ్ళు ప్రతి వారం ఉంటారు.

మనవాళ్ళు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఇంకోటుంది. దసరా సెలవుల్లో కేరళ వెళ్ళడం మనకు అలవాటు. యూదుల పంచాంగం కూడా చాంద్రమానమే, అధికమాసాలతో సరిచేసుకునేదే. అందుకని చాలా ఏళ్ళలో వాళ్ళ కొత్త సంవత్సరం రోష్ హషానా మన శరన్నవరాత్రుల మొదటి రోజుల్లోనే పడుతుంది. పదో రోజున వచ్చే యోమ్ కిప్పూర్, అంటే ప్రాయశ్చిత్త దినం, విజయదశమికి అటూ ఇటూగా వస్తుంది. 2025లో రెండూ అక్టోబర్ 2నే వచ్చాయి. ఆ వెంటనే పున్నమి నుంచి వారం పైన సుక్కోత్. బైబిల్ చదివేవాళ్ళకు పర్ణశాలల పండుగ అంటే తెలుస్తుంది. ఈ పండుగ రోజుల్లో పరదేశి సినగాగు సందర్శకులకు తెరవరు. దసరాకే వెళ్ళక తప్పకపోతే ఆ ఏడు యూదుల పండుగ తేదీలు చూసుకుని, మధ్యలో దొరికే మామూలు రోజులకు మట్టాంచేరి పెట్టుకోండి.

వాతావరణం సంగతికొస్తే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయి. జూన్, జులైల్లో వాన ఎంత పడుతుందంటే జ్యూ టౌన్, అంటే మట్టాంచేరి యూదుల వీధి సందులో నడవడమే కష్టం. రెండేళ్ళకోసారి వచ్చే కళా ప్రదర్శన బినాలే జరిగే ఏళ్ళలో డిసెంబర్ నుంచి వేసవి మొదటి దాకా కళాకారులు, చూసేవాళ్ళతో మట్టాంచేరి కిటకిటలాడుతుంది. గదుల ధరలు కూడా పెరుగుతాయి.

3. చేరుకోవడం, బస

హైదరాబాద్ నుంచి నెడుంబాశ్శేరిలోని కొచ్చి విమానాశ్రయానికి నేరుగా విమానాలున్నాయి. రైల్లో అయితే సికింద్రాబాద్ నుంచి గుంటూరు, నెల్లూరు, తిరుపతి మీదుగా శబరి ఎక్స్‌ప్రెస్ ఎర్నాకుళం టౌన్ స్టేషన్‌లో ఆగుతుంది. విశాఖ, విజయవాడ వైపు వాళ్ళకు ధన్‌బాద్-అలెప్పీ ఎక్స్‌ప్రెస్ ఉంది.

విమానంలో వచ్చేవాళ్ళకు నా సలహా ఒకటే. విమానాశ్రయం నగరానికి ఉత్తరాన ఉంది, పరవూర్, చేందమంగళం కూడా ఉత్తరానే. దిగగానే నగరంలోకి పోయి మళ్ళీ వెనక్కి రాకుండా, సామానుతోనే టాక్సీ మాట్లాడుకుని ఆ రెండూ చూసి సాయంత్రానికి ఎర్నాకుళం చేరండి. సగం రోజు కలిసొస్తుంది. పైగా కథ కూడా వరసలో వస్తుంది, ఎందుకంటే యూదులు కొచ్చికి వచ్చింది అటు నుంచే.

బస ఫోర్ట్ కొచ్చిలో దొరికితే మంచిది. హోమ్‌స్టేలు బోలెడు. అక్కడి నుంచి మట్టాంచేరికి ఆటోలో కాసేపే. ఎర్నాకుళంలో ఉంటే పడవ ఎక్కండి. మెయిన్ బోట్ జెట్టీ నుంచి రాష్ట్ర జలరవాణా శాఖ పడవలు, హైకోర్టు దగ్గర నుంచి ఫోర్ట్ కొచ్చికి వాటర్ మెట్రో నడుస్తాయి. రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

4. సినగాగు లోపల ఏది ఏమిటో ముందే తెలుసుకోండి

కేరళ సినగాగులన్నీ ఇంచుమించు ఒకే పద్ధతిలో కట్టారు. ఒకసారి అర్థమైతే ఎక్కడికి వెళ్ళినా గైడ్ అవసరం ఉండదు. ముందు పడిప్పుర, అంటే వీధి గుమ్మంలో గది. తర్వాత వాకిలి. ఆపైన అజారా అనే చిన్న ముందుగది. దాన్ని దాటితే అసలు ప్రార్థన మందిరం.

మందిరం మధ్యలో ఇత్తడి కమ్మీల మధ్య ఎత్తయిన వేదిక కనిపిస్తుంది. దాన్ని తేబా అంటారు. ధర్మశాస్త్రమైన తోరాను అక్కడ నిలబడి చదువుతారు. పడమటి గోడకు చెక్కడాలతో, బంగారు రంగుతో మెరిసే పెద్ద మందసం ఉంటుంది, అది హేఖాల్. తోరా చుట్టలు ఉండేది అందులోనే. జెరూసలేం మనకు పడమర దిక్కున ఉంది కాబట్టి హేఖాల్ ఆ గోడకే పెడతారు. కప్పు వైపు చూడండి. తామర పూలు చెక్కిన పలకలు చూస్తే ఇది ఏ వడ్రంగుల పనో ఊహించడం తేలిక.

వీటన్నిటిలో ప్రత్యేకమైంది రెండో తేబా. కేరళలో కింద ఒక వేదిక, పై అంతస్తు మిద్దె మీద ఇంకో వేదిక ఉంటాయి. శనివారాలు, పండుగలప్పుడు పైదాన్ని వాడేవారు. దాని వెనకే చెక్క జాలీ అడ్డుగా ఆడవాళ్ళు కూర్చునే చోటు. అంటే పండుగ రోజున తోరా చదివే మనిషికి అందరికంటే దగ్గరగా ఉన్నది ఆడవాళ్ళే. వేరే దేశాల సంప్రదాయ సినగాగుల్లో చాలాచోట్ల ఆడవాళ్ళను దూరంగా కూర్చోబెడతారు, ఇక్కడి ఏర్పాటు అలా కాదు. ఈ ఆడవాళ్ళే నోటు పుస్తకాల్లో రాసుకుని తరతరాలుగా మలయాళంలో పాడిన పెళ్ళి పాటలు, బైబిల్ కథల పాటలు పరిశోధకులకు పెద్ద నిధి.

మర్యాదల సంగతి: చెప్పులు బయట వదలాలి. నిక్కర్లు, చేతుల్లేని బట్టలు వద్దు. తేబా ఎక్కకండి, హేఖాల్ తెర ముట్టుకోకండి. ఫొటోలకు ఎక్కడికక్కడ అడగండి. గుంపుగా వెళ్ళిన భక్త బృందాలు పాటలు అందుకోకుండా ఉంటే మంచిది. ఎందుకంటే ఈ చోట్లు బైబిల్ గుర్తులే అయినా మీ ప్రార్థన స్థలాలు కావు.

5. చేందమంగళం, పరవూర్: మొదటి సగం రోజు

చేందమంగళం పెరియార్ పాయల మధ్య పచ్చటి పల్లె. సినగాగును 1614లో కట్టారని లెక్క. మూలం అంతకంటే పాతదంటారు. 2000ల మొదటి దశకంలో దాన్ని బాగుచేసి మ్యూజియం చేశారు. లోపలికి పరుగెత్తే ముందు వాకిట్లో నిలబెట్టిన సమాధి రాయి దగ్గర ఆగండి. దాని మీద హీబ్రూలో ఉన్న పేరు సారా, ఇశ్రాయేలు కూతురు. క్రీ.శ. 1269 నాటిది. మన దేశంలో దొరికిన అతి పాత హీబ్రూ శాసనంగా దీన్ని చెబుతారు. ఒక రాజు పేరో, వర్తకుడి పేరో కాకుండా ఒక మామూలు ఆడమనిషి పేరు అలా నిలిచిపోయింది. నాకైతే కొచ్చి షాండ్లియర్లన్నీ కలిపినా ఈ రాయి ముందు దిగదుడుపే.

ఇదే ఊళ్ళో గుడి, మసీదు, చర్చి, సినగాగు ఒకదానికొకటి నడక దూరంలో ఉన్నాయి. కొచ్చి రాజులకు వంశపారంపర్యంగా మంత్రులైన పాలియత్ అచ్చన్‌ల ఇల్లు కూడా ఇక్కడే. యూదులకు ఆశ్రయమిచ్చిన పెద్దల్లో ఆ కుటుంబం ఒకటి. చేందమంగళం చేనేతకు భౌగోళిక గుర్తింపు ఉంది. సహకార సంఘాల దుకాణాల్లో తెల్ల ముండు (పంచె), సన్నటి జరీ అంచు చీరలు దొరుకుతాయి. కొనుక్కోవాలంటే ఎర్నాకుళం షోరూముల కంటే ఇక్కడ కొనడమే మేలు.

అక్కడి నుంచి పరవూర్ నాలుగైదు కిలోమీటర్లు. పటంలో నార్త్ పరవూర్ అని చూసుకోండి. కొల్లం దగ్గర ఇంకో పరవూర్ ఉంది, టాక్సీ యాప్‌లో తప్పు నొక్కితే ఇంకో జిల్లాకు పోతారు. ఇక్కడి సినగాగు 1616 నాటిది. కట్టించింది డేవిడ్ యాకోబ్ కాస్టీల్ ముదలియార్. ముదలియార్ అన్నది కొచ్చి రాజు యూదుల పెద్దకు ఇచ్చిన బిరుదు. గుమ్మం గది, వాకిలి, లావుపాటి సున్నపు స్తంభాల నడవ, ముందుగది, మందిరం అన్నీ ఒకే గీత మీద వరసగా ఉంటాయి. గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తే ఆ వరస అంతా ఒక్క చూపులో అందుతుంది. కేరళ సినగాగుల్లో ప్రాంగణం మొత్తం ఇంత పూర్తిగా మిగిలింది ఇదొక్కటే అనిపిస్తుంది. ముజిరిస్ వారసత్వ ప్రాజెక్టు కింద బాగుచేసి మ్యూజియంగా తెరిచారు. అసలు హేఖాల్ ఇజ్రాయెల్ చేరిపోయింది. ఇక్కడ మీరు చూసేది నకలు. నకలైనా మంచి పనే.

ఇంకా ఓపికుంటే ఉత్తరాన త్రిశూర్ జిల్లాలో మాళ ఉంది. అక్కడ ఒక సినగాగు, పెద్ద యూదుల శ్మశానం ఉన్నాయి. వలస వెళ్ళేటప్పుడు 1955లో వాటిని ఊరి పంచాయతీకి అప్పగించి వెళ్ళారు. చరిత్ర మీద మరీ మక్కువ ఉంటే తప్ప, మొదటిసారి వెళ్ళేవాళ్ళు మాళను వదిలేసినా ఫర్వాలేదు.

6. ఎర్నాకుళం మార్కెట్: గంటన్నర చాలు

ఇక్కడ పేర్లతో తికమక ఉంది, జాగ్రత్త. మట్టాంచేరిలో జ్యూ టౌన్ ఉన్నట్టే ఎర్నాకుళంలో మార్కెట్ రోడ్డు పక్కన జ్యూ స్ట్రీట్ ఉంది. ఆటో అతనికి ఎర్నాకుళం మార్కెట్ జ్యూ స్ట్రీట్ అని స్పష్టంగా చెప్పకపోతే నేరుగా మట్టాంచేరి తీసుకెళ్తాడు. పైగా కడవుంభాగం, తెక్కుంభాగం అనే రెండు పేర్ల సినగాగులు ఎర్నాకుళంలోనూ ఉన్నాయి, మట్టాంచేరిలోనూ ఉండేవి. పుస్తకాల్లోనే వీటిని కలిపేస్తుంటారు.

ఎర్నాకుళం కడవుంభాగం మూలం క్రీ.శ. 1200 నాటిదని సమాజం వాళ్ళ మాట. ఇప్పటి కట్టడం తర్వాతి కాలానిది. సమాజం వెళ్ళిపోయాక దాన్ని కనిపెట్టుకుని ఉన్న మలబారీ యూదు పెద్దమనిషి ముందు భాగంలో అలంకార చేపలు, మొక్కల దుకాణం పెట్టుకున్నాడు. కొచ్చిన్ బ్లాసమ్స్ అంటే చుట్టుపక్కల అందరికీ తెలుసు. చేపల తొట్లు, పూలకుండీల మధ్య నుంచి నడిచి వెనక్కి వెళ్తే తలుపు అవతల చెక్కిన టేకు కప్పు, తేబా, హేఖాల్. సర్కారు సొమ్ముతో చేసిన మ్యూజియం కాదిది. ఒక మనిషి పట్టుదల మీద నిలిచిన చోటు. అందుకే వెళ్ళే ముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి, లోపలికి రావచ్చా అని అడిగి అడుగు పెట్టండి.

అదే వీధిలో తెక్కుంభాగం సినగాగు ఉంది. 1939లో తిరిగి కట్టింది. సాధారణంగా తాళం వేసి ఉంటుంది. బయట నుంచి చూసి ముందుకు సాగండి.

7. మట్టాంచేరి: సగం రోజు తీరిగ్గా

ఉదయం పది గంటలకల్లా అక్కడుండండి. టూరిస్టు బస్సులు వచ్చాక ఆ చిన్న మందిరంలో నిలబడటానికి చోటుండదు. మధ్యాహ్నం రెండు గంటల పాటు మూస్తారు కాబట్టి పన్నెండుకి వెళ్ళి లాభం లేదు.

ముందు ప్యాలెస్ చూడండి. డచ్ ప్యాలెస్ అని పేరే గానీ 1555లో పోర్చుగీసులు కట్టి కొచ్చి రాజుకిచ్చారు, 1663 తర్వాత డచ్చివాళ్ళు బాగుచేశారు. లోపలి రామాయణ కుడ్యచిత్రాలకు గంట పడుతుంది. ప్యాలెస్ ఆవరణలోని గుడికీ సినగాగుకూ మధ్య ఉన్నది గోడే. రాజు తన ఇంటి పక్కనే యూదులకు చోటిచ్చాడు. ఆ దగ్గరతనం కూడా అన్నిసార్లూ కాపాడలేదని 1662లో తెలిసింది. డచ్చివాళ్ళకు సాయపడ్డారని పోర్చుగీసులు జ్యూ టౌన్ మీద పడి సినగాగును పాడుచేశారు. మరుసటి ఏడే డచ్చివాళ్ళు కొచ్చిని గెలిచారు, 1664లో వాళ్ళ సాయంతో మందిరాన్ని మళ్ళీ నిలబెట్టారు.

వీధి చివర గడియార స్తంభం దగ్గర ఆగండి. 1760 ప్రాంతంలో ఎజెకియెల్ రహాబి కట్టించాడు. డచ్ ఈస్టిండియా కంపెనీకి మలబారు తీరంలో పెద్ద వర్తక ప్రతినిధి ఆయన. మిరియాల ఒప్పందాల నుంచి రాజులతో రాయబారాల దాకా అన్నిట్లో ఆయన చెయ్యి ఉండేది. గడియారం ముఖాల మీద హీబ్రూ, రోమన్, మలయాళం అంకెలున్నాయి. ఈ వీధిలో ఎవరెవరు టైము చూసేవారో దీన్ని బట్టి తెలుస్తుంది.

పరదేశి సినగాగు 1568లో కట్టింది. లోపలికి వెళ్ళే ముందు వాకిలి గోడలో అతికించిన హీబ్రూ రాయి చూడండి. అది కొచ్చంగాడిలోని 14వ శతాబ్దపు సినగాగుది. ఆ సినగాగు పోయింది, రాయి మిగిలింది. కొచ్చిలో పాత సినగాగు ఏది అని ఎవరైనా అడిగితే ఈ రాయిని చూపించాలి. అదే ఆవరణలోని పక్కగదిలో వాళ్ళ చరిత్రను చెప్పే చిత్రాలున్నాయి, లోపలికి వెళ్ళే తొందరలో అందరూ వాటిని దాటేస్తారు. మీరు మాత్రం ముందు అవే చూడండి.

మందిరంలో నేల మీద చైనాలో చేత్తో రంగులద్దిన నీలం, తెలుపు పలకలు. 18వ శతాబ్దంలో రహాబి తెప్పించాడు. ఏ రెండూ ఒకేలా ఉండవని చెబుతారు. కూర్చుని ఓ పది పలకలు పోల్చి చూడండి, మాట ఎంతవరకు నిజమో మీకే తెలుస్తుంది. పైన బెల్జియం షాండ్లియర్లు, రంగురంగుల గాజు నూనె దీపాలు. తిరువితాంకూర్ (ట్రావెన్‌కోర్) రాజు 1805లో తోరాకు చేయించి ఇచ్చిన బంగారు కిరీటం ఇక్కడి సొత్తే. రాగి రేకులు కూడా ఇక్కడే భద్రంగా ఉన్నాయి, కానీ మామూలు సందర్శకులకు చూపించరు. 1968లో ఈ మందిరానికి 400 ఏళ్ళు నిండినప్పుడు ఇందిరాగాంధీ వచ్చారు. తపాలా శాఖ బిళ్ళ విడుదల చేసింది.

ఇంత అందం మధ్య ఒక చేదు నిజం కూడా తెలియాలి. పరదేశీల ఇళ్ళలో బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ళ సంతతి ఈ మందిరంలో శతాబ్దాల పాటు లోపలి బెంచీల మీద కూర్చోకూడదు. వాళ్ళకు ముందుగదే దిక్కు. తోరా చదివే హక్కు లేదు. వాళ్ళలోంచి వచ్చిన వకీలు ఎ.బి. సేలం (1882–1967) కాంగ్రెస్ మనిషి, కార్మిక సంఘాల్లో పనిచేశాడు. గాంధీ పద్ధతిని సినగాగులోకే తెచ్చాడు. బహిష్కరణ, మౌన నిరసన, ఎన్నో ఏళ్ళ వాదన. చివరికి ఒక్కో అడ్డూ తొలగింది. జనం ఆయన్ని యూదుల గాంధీ అన్నారు. జ్యూ టౌన్‌లో రోడ్డుకు ఆయన పేరుంది. గుళ్ళోకి ఎవరు రావచ్చో ఎవరు రాకూడదో అన్న గొడవ మనకు కొత్తేం కాదు కాబట్టి, ఆ ముందుగదిలో ఒక నిమిషం నిలబడితే గైడు చెప్పనిది అర్థమవుతుంది.

బయటికి వచ్చి వీధి వెంట దక్షిణంగా నడవండి. కొన్ని ఇళ్ళ కిటికీ కమ్మీల్లో ఆరు కోణాల నక్షత్రం, ఏడు కొమ్మల దీపస్తంభం కనిపిస్తాయి. ఇక్కడి చివరి యూదుల్లో ఒకరైన సారా కోహెన్ ఇల్లు ఈ వీధిలోనే. చేతి కుట్టుతో టోపీలు, విశ్రాంతి దినపు రొట్టె మీద కప్పే గుడ్డలు చేసి అమ్మేది. 2019లో 96వ ఏట పోయింది. ఆమెను చివరి దాకా కన్నతల్లిలా చూసుకున్న ముస్లిం స్నేహితుడే ఆ దుకాణాన్ని ఆమె జ్ఞాపకంగా నడిపిస్తున్నాడు. 2024లో ఇక్కడి మరో పరదేశి యూదురాలు క్వీనీ హలేగువా కూడా చనిపోయాక మట్టాంచేరిలో పరదేశి సమాజం దాదాపు ముగిసినట్టే. సామూహిక ప్రార్థనకు పదిమంది పెద్ద మగవాళ్ళు కావాలి. బయటి ఊళ్ళ నుంచో, విదేశాల నుంచో యూదులు వస్తే తప్ప ఆ లెక్క పూర్తికాదు.

మిరియాల వాయిదా వ్యాపారం 1957 నుంచి నడిచిన సంఘం భవనం కూడా ఇక్కడే. సుగంధద్రవ్యాల గోడౌన్ల వాసన ఇంకా పోలేదు. వీధి దక్షిణపు కొసన మలబారీల కడవుంభాగం సినగాగు ఉంది. 16వ శతాబ్దం మధ్యలో కట్టింది. సమాజం వెళ్ళిపోయాక గోడౌన్‌గా వాడుకున్నారు. చెక్కడాల లోపలి భాగమంతా కొని, విప్పి, జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియానికి తీసుకెళ్ళి 1990లలో అక్కడ మళ్ళీ అమర్చారు. ఇక్కడ మిగిలిన డొల్ల 2019 వానల్లో చాలా వరకు కూలింది. అక్కడికి టూరిస్టులు రారు, బోర్డూ అంతంత మాత్రమే. అయినా వెళ్ళండి. బంగారు కిరీటం ఉన్న మందిరానికీ దీనికీ మధ్య నడక కొద్ది నిమిషాలే.

8. వీలుంటే కొచ్చంగాడి, ఫోర్ట్ కొచ్చి

మట్టాంచేరికి దగ్గర్లోనే కొచ్చంగాడి వైపు నెహెమియా మోతా సమాధి ఉంది. 17వ శతాబ్దపు తొలి రోజుల్లో పోయిన యూదు కవి, యోగి. ఊళ్ళో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ వచ్చి కొవ్వొత్తి వెలిగించి మొక్కుకుంటారు. చుట్టూ ఇళ్ళు మూసుకొచ్చి చోటు చాలా చిన్నదైంది. స్థానికులను అడిగితే చూపిస్తారు.

ఫోర్ట్ కొచ్చిలో ఎర్రటి కోడర్ హౌస్ ఇప్పుడు హోటల్. కొచ్చికి కరెంటు ఇచ్చిన కొచ్చిన్ ఎలక్ట్రిక్ కంపెనీ ఈ కోడర్ కుటుంబానిదే. శుక్రవారం సాయంత్రాలు వాళ్ళింట్లో ఊరి పెద్దలకు, వచ్చిన అతిథులకు తలుపులు తెరిచి ఉండేవట. టీ తాగే వంకతో లోపల చూడొచ్చు.

మన వైపు సంగతి ఒకటి చెప్పుకోవాలి. పరదేశీలు వర్ధిల్లిన 17వ శతాబ్దంలోనే మద్రాసు కోటలో కొందరు యూదు వర్తకులు గోల్కొండ వజ్రాల వ్యాపారం చేశారు. అది కొచ్చి సమాజంతో కలిసిన కథ కాదు. అలాగే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్పుకునే తెలుగు యూదు కుటుంబాలున్నాయి. 1990లలో చిన్న సినగాగు పెట్టుకున్నారు. కొచ్చి మందిరాలను చూసొచ్చాక కుతూహలం కలిగితే వాళ్ళ గురించి చదవండి. జనం బతుకుతున్న పల్లె అది, టూరిస్టు స్పాట్ కాదు.

9. జ్యూ టౌన్‌లో కొనేటప్పుడు

మసాలాలు, సుగంధ తైలాలు, పాత వస్తువుల దుకాణాలు ఇప్పుడు వీధంతా ఆక్రమించాయి. ఎక్కువ భాగం కాశ్మీరీ, మలయాళీ వ్యాపారులవి. మిరియాలు, జాపత్రి కొనాలంటే గాజు సీసాల్లో పెట్టి అమ్మే షాపుల కంటే మట్టాంచేరి బజార్ రోడ్డులో హోల్‌సేల్ కొట్లలో కొనడం లాభం. యూదుల ఇంటి పాత దీపం, పాత తోరా పెట్టె అని చూపించేవాటిలో నిన్నమొన్న చేసినవే ఎక్కువ. నచ్చితే కొత్త వస్తువు ధరకే కొనండి. నిజంగానే వందేళ్ళు దాటిన వస్తువైతే 1972 పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, దేశం దాటించడం నేరం. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న మనవాళ్ళు సూట్‌కేసులో వేసుకుని విమానాశ్రయంలో ఇబ్బంది పడకుండా, పాతది కాదని రాసిన బిల్లు షాపువాడి దగ్గర తీసుకోవాలి. ఆ బిల్లు ఇవ్వడానికి సణిగితే వేరే కొట్టు చూసుకోండి.